వాల్వు ఎక్కడుందో ఆయన్నే అడగాలి

ఇళ్ల పటం కోసం డ్రోను ఎగరబోయే ముందు ఊళ్లో సున్నం గీతలు గీస్తారు. గోడ లేని దొడ్డి హద్దు పైనుంచి కనపడాలిగా! మా వీధిలో గీత గీసే కుర్రాడు ఒకచోట ఆగిపోయాడు. గేదెను కట్టే రాటకు అటొకరు, ఇటొకరు అన్నదమ్ములు నిలబడ్డారు. ‘రాట అవతల్నించి గియ్యి’ అని అన్న, ‘ఇవతల్నించే’ అని తమ్ముడు. ఆ జానెడు జాగా తీర్పు డ్రోను చెప్పలేదు. పెద్దమనుషులు తేల్చాకే గీత సాగింది.

గ్రామకంఠంతో, అంటే ఊళ్లో ఇళ్లున్న జాగాతో, చిక్కే అది. పొలాలకైతే హద్దులు, కొలతలు చూపే ఎఫ్ఎంబీలున్నాయి, తెలంగాణలో టిప్పన్లున్నాయి. ఊరి నడిబొడ్డుకు మాత్రం చాలాచోట్ల అంతటికీ ఒకటే సర్వే నంబరు. తాతలనాటి ఇంటికి పన్ను రసీదే పట్టా. ఆ లోటు తీర్చడానికే 2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. అందులో సర్వే ఆఫ్ ఇండియా డ్రోనుతో ఊరి పటం గీసిస్తుంది. 2021 ఫిబ్రవరిలో పటాల మీది ఆంక్షలు కూడా చాలావరకు సడలాయి. పటాలు గీసే క్యూజీఐఎస్ లాంటి సాఫ్ట్‌వేరుకు పైసా ఖర్చు లేదు.

నా బెంగంతా పటం వచ్చిన మర్నాటి గురించే. రేపు ఆ తమ్ముడు సగం దొడ్డి అమ్ముతాడు. వీధి చివర కొత్త పైపు పడుతుంది. ఆ మార్పులు పటంలోకి ఎవరు ఎక్కించాలి? మా ఊళ్లో నీళ్ల వాల్వు ఎక్కడుందో మోటారు వేసే ఆయనకే తెలుసు. పోయిన వేసవిలో ఆయన కూతురి పెళ్లి పనుల్లో ఉంటే, సిమెంటు రోడ్డు రెండుచోట్ల తవ్వాక గాని అది దొరకలేదు. ఫోను పట్టుకుని ఆయన వెంట ఒక్క పూట తిరిగితే వాల్వులన్నీ పటమెక్కుతాయి. దానికి కన్సల్టెంటు దేనికి?

పంచాయతీలకు సాయమంటే జిల్లా కేంద్రంలో ఒకరోజు శిక్షణ, భోజనం, గ్రూపు ఫొటో అనుకుంటున్నాం. (సర్టిఫికెట్టు కూడా ఇస్తారు.) కార్యదర్శి చూడగలిగి, దిద్దలేని పటం గోడ మీది క్యాలెండరుతో సమానం. ఇళ్ల హద్దులు మార్చే అధికారం సర్వేయరు దగ్గరే ఉండనివ్వండి, లేకపోతే ఆ రాట రోజుకోచోట పాతుకుంటుంది. వీధి దీపం, మురుగు కాలువ, బోరు, వాల్వు మాత్రం పంచాయతీయే దిద్దుకోవాలి. అందులో తప్పుపోతే సరిచేయడానికి, పటాల పని తెలిసిన మనిషి మండలానికొకరు కనీసం ఏడాదిపాటు పిలిస్తే పలికేటట్టు ఉండాలి. అతని జీతం దండగ అనేవాళ్లు ఒకసారి మా వీధికి రావాలి. రెండో గుంట ఇంకా పూడ్చలేదు.