మాట లేని నాలుగు నిమిషాలు

బొమ్మలచిత్రాలు పసిపిల్లల కాలక్షేపమనే అభిప్రాయం మనలో పాతుకొనిపోయినది. హైదరాబాదులో తయారైన 'ఛోటా భీమ్' 2008 నుండి ఇంటింటా ఆడుతుండగా అది మరింత బలపడినది కూడ. అయితే 2017 జూలై 31న విడుదలైన 'ఇన్ ఎ హార్ట్‌బీట్' పెద్దలు సైతం ఆలోచింపదగిన బొమ్మలచిత్రం. అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రంలో రింగ్లింగ్ కళాశాల విద్యార్థులైన ఎస్తెబాన్ బ్రావో, బెత్ డేవిడ్ తమ చదువు ముగింపున దీనిని నిర్మించారు. నిడివి సుమారు నాలుగు నిమిషాలు. సంభాషణ ఒక్కటి లేదు.

కథ ఇంతే. షెర్విన్ అనే బాలునికి తోటి విద్యార్థి జోనథన్ అంటే ఇష్టం. ఆ ఇష్టం బయటపడునేమోనని చెట్టెక్కి దాగి చూస్తుంటాడు. ఆపిల్ పండును ఎగురవేసి పట్టుకొంటూ, పుస్తకం చదువుకొంటూ జోనథన్ రాగానే, షెర్విన్ గుండె ఎర్రని చిన్న బొమ్మయై ఛాతీలోనుండి ఉరికి అతని వెంటబడుతుంది. దానిని వెనుకకు లాగుటకు ఆ పిల్లవాడు పడే పాట్లు చూచి నవ్వకుండుట కష్టం. బడి లోపలికి పోగానే నవ్వు ఆగిపోతుంది. చుట్టూ ఉన్న పిల్లలు చూస్తారు. ఆ చూపులకు జంకి అతడు లాగిన లాగుకు గుండె రెండు ముక్కలవుతుంది. సగం గుండెతో పారిపోయి ఒంటరిగా కూర్చున్నవాని వద్దకు మిగిలిన సగం తెచ్చి ఇచ్చేవాడు జోనథనే.

ఇందులో ప్రతినాయకుడు లేడు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. గుండెను చీల్చినవి చూపులు మాత్రమే. మొదట ఒక బాలుడు, ఒక బాలికతో ఊహించిన కథ ఇది. ఇద్దరు బాలురుగా మార్చిన పిదపనే దానికి ప్రాణం వచ్చినదని మా అభిప్రాయం.

మన కవిటి కొబ్బరితోటల దారిలో ఇద్దరు కుర్రవాళ్ళు భుజంపై చేయి వేసికొని నడచినా, ఒకే సైకిలుపై సోంపేట వెళ్ళినా ఎవరూ వింతగా చూడరు. మగపిల్లల స్నేహానికి ఇంత స్వేచ్ఛ అన్ని దేశాలలో లేదు. కాని నడకలో సుకుమారం, గొంతులో మెత్తదనం కనబడితే చాలు, 'ఆడంగి' అనే మాట వెనుకనుండి వచ్చి పడుతుంది. దానికి వెరచి ఆటలు మానినవారు, తరగతిలో నోరు విప్పనివారు ఎందరో! వారి లెక్క ఏ హాజరుపట్టీకీ ఎక్కదు.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, పరస్పర అంగీకారంతో కూడిన వయోజనుల స్వలింగ సంబంధం 377వ సెక్షను కింద నేరం కాదని తీర్పు చెప్పినది. సరిగా ఐదు వారాలకు, అక్టోబరు 11న, తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరిని, జీడిమామిడిని నేలకూల్చినది. ఆ యేడు మన ఇళ్ళలో తీర్పులను గూర్చి మాట్లాడే తీరిక ఎవరికున్నది?

ఇట్టి చిత్రాలు చూస్తే పిల్లలు చెడిపోతారనే వాదం ఉన్నది. 'దేవదాసు' చూచిన మన తాతలందరూ తాగుబోతులు కాలేదు. మతం ఏమంటున్నదని అడిగేవారు కూడ మన కళాశాలలో ఉంటారు, అడుగవలసినదే. పండితుల తీర్పులను మేము మార్చబూనలేదు. అయితే ఖురాన్‌లోని సూరా అల్ హుజురాత్ 11వ ఆయతు ఒకరినొకరు పరిహసింపరాదనీ, ఎగతాళి పేర్లు పెట్టరాదనీ ఆదేశిస్తున్నది. ఫలానావారిని మాత్రం పరిహసింపవచ్చునని అందులో మినహాయింపు లేదు. ఉర్దూ గజల్‌లో ప్రియతమను సంప్రదాయంగా పుంలింగంలోనే చెప్పుతారు. ఆ తరగతిలో ఎవరూ ముసిముసిగా నవ్వరు. (నవ్వినచో ఉస్తాద్‌గారు ఊరకోరు.)

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2016లో ర్యాగింగ్ నిబంధనలను సవరించి, మతం, కులం, ప్రాంతం, రూపం వలెనే లైంగిక ప్రవృత్తిని బట్టి తోటి విద్యార్థిని వేధించుట, వెలిగా ఉంచుట కూడ ర్యాగింగే అని చేర్చినది. ఆ జాబితాలో మతం ఎందుకున్నదో అల్పసంఖ్యాకులమైన మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అదే జాబితాలోని మరొక మాటను దాటవేసి చదువుట న్యాయమా?

కావున కొత్త విద్యార్థులు చేరిన మొదటి వారంలోనే ఆ నిబంధనను తెలుగులోను, ఉర్దూలోను చదివించవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుతున్నాము. పది నిమిషాల పని. తెర కట్టి చిత్రం కూడ చూపదలచినచో మరి నాలుగు నిమిషాలు. మాటలు లేవు గనుక తర్జుమా బెడద లేదు.