ముందు స్లాట్ చూడండి, తర్వాత బస్ స్పీడ్

మా హాస్టల్‌లో పాత కంప్యూటర్ల పిచ్చి ఉన్నవాళ్లం ముగ్గురం. నాది జనగామ. ఒక దోస్తుది మానుకోట, అదే మహబూబాబాద్. ఇంకొకడిది భూపాలపల్లి. 2016 దాకా మూడూ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. జిల్లాలు వేరైనా కలిసే తిరుగుతాం కానీ, ఈ సెమిస్టర్‌లో ఒక మదర్‌బోర్డు దగ్గర మాత్రం గట్టిగా కొట్లాడుకున్నాం.

మా పెద్దనాన్న దగ్గర 90ల నాటి పెంటియం కంప్యూటర్ ఉంది. అందులో జిస్ట్ కార్డు ఉంది. ఈ పేరు మనలో చాలామంది విని ఉండరు, నేనూ మొన్నటిదాకా వినలేదు. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై, పుణెలోని సీ-డాక్‌లో పెరిగిన టెక్నాలజీ ఇది. డాస్‌కి తెలుగు రాని రోజుల్లో ఈ కార్డుని ఐఎస్ఏ స్లాట్‌లో గుచ్చితే, తెరమీద తెలుగు అక్షరాలు వచ్చేవి. విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంట్‌తో వచ్చింది 2001లో. అంతకు చాలా ముందే పెద్దనాన్న మా ఊరి ఒగ్గు కథలు చెప్పేవాళ్ల దగ్గర కూర్చుని, విన్నది విన్నట్టు ఇందులో టైప్ చేసి పెట్టుకున్నాడు. చెప్పినవాళ్లలో ఇప్పుడు కొందరు లేరు.

పోయినేడాది ఆ బోర్డు చచ్చిపోయింది. కెపాసిటర్లు ఉబ్బిపోయాయి. వేరే బోర్డు కోసం అడిగితే మానుకోట దోస్తు వాళ్ల ఇంటి అటక మీద ఒకటి దొరికింది. 1998లో వచ్చిన ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్, బస్ స్పీడ్ 100 మెగాహెర్ట్జ్. భూపాలపల్లి వాడు ఇంకా కొత్తది తెచ్చాడు. 2000లో వచ్చిన 815 చిప్‌సెట్, 133 మెగాహెర్ట్జ్. "100 కన్నా 133 ఎక్కువే కదా, ఇంకా ఆలోచించేదేముంది" అన్నాడు.

లెక్క ప్రకారం వాడిది కరెక్టే. ఆ బస్ ఒకేసారి 8 బైట్లు మోస్తుంది. 100 దగ్గర సెకనుకు 800 మెగాబైట్లు, 133 దగ్గర 1,066. పాత గేమ్‌లు ఆడాలంటే నేనూ అదే తీసుకునేవాణ్ణి. కానీ 815 చిప్‌సెట్‌లో ఐఎస్ఏ నేరుగా ఉండదు. కొన్ని బోర్డుల్లో వేరే బ్రిడ్జి చిప్ పెట్టి ఇచ్చారు, వీడి బోర్డులో అదీ లేదు. అంటే జిస్ట్ కార్డు పెట్టడానికి చోటే లేదు. ఇక ఆ 133తో ఏం చేసుకోవాలి?

పైగా ఐఎస్ఏ నడిచేదే సుమారు 8 మెగాహెర్ట్జ్ మీద. హైదరాబాద్ నుంచి హైవే మీద ఎంత స్పీడ్‌గా వచ్చినా, జనగామ దాటి పల్లె రోడ్డులోకి మళ్లాక బండి ఆ రోడ్డు పోనిచ్చినంతే పోతుంది. ఇదీ అంతే.

"అయితే బీఎక్స్ బోర్డునే 133కి లేపుదాం" అన్నాడు మానుకోట వాడు. లేపొచ్చు, చాలామంది లేపారు కూడా. కానీ ఆ చిప్‌సెట్‌లో ఏజీపీకి 1/1, 2/3 డివైడర్లే ఉన్నాయి. 66 మీద నడవాల్సిన గ్రాఫిక్స్ కార్డు 89 మీద నడుస్తుంది. మధ్యలో 112 దగ్గర ఆపి, పీసీఐకి 1/3 పెడితే అది 37కి, ఐఎస్ఏ 9 పైకి పోతుంది. మళ్లీ దొరకని కార్డు మీద ఆ ప్రయోగం నేను చేయను.

స్పీడ్ వల్ల ఇంకో తంటా ఉంది. టర్బో పాస్కల్‌లో రాసిన పాత డాస్ ప్రోగ్రాములు కొన్ని, సుమారు 200 మెగాహెర్ట్జ్ దాటిన ప్రాసెసర్ మీద 'రన్‌టైమ్ ఎర్రర్ 200' అని మొదట్లోనే ఆగిపోతాయి. ప్యాచ్‌లు ఉన్నాయి, నిజమే. కానీ వేగం పెరిగినందుకే ప్రోగ్రామ్ చావడం అనేది మన క్లాసులో ఎవరూ చెప్పలేదు.

"ఇంత కష్టం ఎందుకు, ఫైళ్లు తీసుకుని కన్వర్ట్ చెయ్" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. నేను చేసిన మొదటి పని అదే, హార్డ్ డిస్క్ మొత్తం కాపీ తీశాను. జిస్ట్ వాడే ఇస్కీ కోడ్ మీద ఆధారపడే యూనికోడ్‌లో మన లిపుల పట్టికలు తయారయ్యాయి, కాబట్టి అక్షరాలు మార్చడం పెద్ద కష్టం కాదు. కానీ మార్చినదాంట్లో తప్పు పడితే దేనితో పోల్చి చూడాలి? అసలు తెర ఒకటి బతికి ఉండాలి. ఇంకో సంగతి, పెద్దనాన్న చేతికి అలవాటైన ప్రోగ్రామ్ అది. ఆయనే కూర్చుని సరిచూస్తే తప్ప ఒగ్గు కథలోని మాటలు నాకు సగం అర్థం కావు. ఇంగ్లిష్ మీడియం చదువు మరి.

అందుకే నా అభిప్రాయం ఇది. పాత కంప్యూటర్‌కి బోర్డు వెతికేటప్పుడు, దానితో ఏ పని చేయాలో ముందు తేల్చుకోండి. ఆ పనికి కావాల్సిన స్లాట్, పోర్టు ఉన్నాయా చూడండి. కెపాసిటర్లు ఉబ్బాయేమో, పవర్ కనెక్టర్ మీ క్యాబినెట్‌కి సరిపోతుందో లేదో చూడండి. అన్నీ సరిపోయిన బోర్డులు రెండు మిగిలితే, అప్పుడు బస్ స్పీడ్ ఎక్కువున్నది తీసుకోండి.

మేం మానుకోట బోర్డే పెట్టాం, 100 మీదే ఉంచాం. ఈ 100, 133 గొడవ పెద్దనాన్నకి చెప్తే నవ్వాడు. "గా నంబర్లతోని నాకేం పని బిడ్డా, నా అక్షరాలు కనబడితే సాలు" అన్నాడు. కనబడ్డాయి. ఇప్పటికి రెండు కథలు సరిచూశాం.