పాలమ్మా, బాలమ్మా? కుటుంబాల పుస్తకంలో మన పేర్ల గురించి



మన సంఘం కుటుంబాల పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేయబోతోందని, దానికి ఫారం గ్రూపులో పెట్టారని అందరూ చూసే ఉంటారు. నేనూ చూశాను. పేరు తమిళంలో రాయడానికి ఒక గడి, ఇంగ్లీషులో రాయడానికి ఒక గడి, ఇనిషియల్‌కు చిన్న గడి, ఆ తర్వాత ఊరు, ఉద్యోగం, ఫోన్ నంబరు. తెలుగులో పేరు రాయడానికి చోటు లేదు. ఇంటిపేరుకూ లేదు. కమిటీలో ఉన్న ఒక తమ్ముడిని అడిగితే, "తెలుగు చదివేవాళ్లు మనలో ఎంతమంది మామా? ఎవరి కోసం వేయాలి?" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. అయినా నాకు ఒప్పుకోవాలనిపించలేదు. ఎందుకో కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. రైల్వేలో నేను సెటిల్‌మెంట్ పని చూసే రోజుల్లో ఒక గ్యాంగ్‌మన్ సర్వీసులో ఉండగానే చనిపోయాడు. మనవాడే, ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం. అతని భార్య పేరు బాలమ్మ అనుకోండి. అతను బతికుండగా ఇచ్చిన కుటుంబ వివరాల కాగితంలో ఆమె పేరు తమిళంలో ఉండేది. దాన్ని చూసి ఇంగ్లీషు రిజిస్టరులోకి ఎక్కించింది నేనే. తమిళంలో ప, బ రెండింటికీ ఒకటే అక్షరం. నేను పీ వేశాను, చివర తమిళ వాడుక ప్రకారం 'ఆళ్' కూడా చేర్చాను. బాలమ్మ పాలమ్మాళ్ అయింది. ఆమె బ్యాంకు పుస్తకంలో బీ ఉంది, రేషన్ కార్డులో ఇంకోలా ఉంది. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు వెనక్కి వచ్చాయి. ఈ రెండు పేర్లూ ఒక మనిషివే అని తహసీల్దార్ దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి ఆమె ఎన్నిసార్లు తిరిగిందో! నెలలు పట్టింది. ఒకసారి మా కౌంటరు ముందు నిలబడి, "నా పేరు నాకు తెలీదా అయ్యా?" అంది తెలుగులో. ఆ పీ ఎవరు వేశారో ఆమెకు తెలియదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

నేను ఇంట్లో తెలుగు విని పెరిగినవాడినే. కానీ బడి మొత్తం తమిళంలో. తెలుగు అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నాను. చెవికి తెలిసింది చేతికి తెలియలేదు.

ఇందులో తమిళ లిపిని తప్పు పట్టడానికేమీ లేదు. మన క నుంచి మ దాకా ఐదు వర్గాల్లో ఇరవై ఐదు అక్షరాలుంటే, తమిళంలో ఆ చోట పది చాలు. క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే. తమిళ మాటలకు అంతకంటే అక్కర లేదు. ఆ అక్షరం మాట మొదట్లో వస్తే గట్టిగా, రెండు అచ్చుల మధ్య వస్తే మెత్తగా, జంటగా వస్తే మళ్లీ గట్టిగా పలకాలని చిన్నపిల్లలకు కూడా నాలుకకు తెలుసు. చిక్కు బయటి నుంచి వచ్చిన పేర్లతోనే. కోపం, గోపాలన్, రెండూ తమిళంలో ఒకే అక్షరాలతో మొదలవుతాయి. ముందే తెలిసినవాడు సరిగ్గా చదువుతాడు, తెలియనివాడికి దారి లేదు. రెడ్డి అని రాయాలంటే జంట అక్షరం వేయాలి, అది రెట్టి అవుతుంది. సుబ్బయ్య సుప్పయ్య అయ్యాడు. తెన్‌జిల్లాల్లో మన పెద్దవాళ్లే ఇప్పుడు సుప్పయ్య అని పిలుస్తారు, అంటే కాగితం మీది పేరు నోటి పేరును మార్చేసింది. గొల్ల అని మొదలయ్యే ఇంటిపేర్లు తమిళంలో రాసి చూడండి. 'కొల్ల' అని చదువుకోవచ్చు, అంటే చంపడానికి! బొడ్డు వారు పొట్టు వారవుతారు, బొడ్డు కాస్తా బొట్టయి నుదుటికెక్కుతుంది. వీరపాండ్య కట్టబొమ్మన్ పేరు కూడా తెలుగు గెట్టి బొమ్ము నుంచి వచ్చిందని చెప్పుకుంటారు. 1799లో కయత్తారులో ఉరి తీసేనాటికి లోకానికి ఆయన కట్టబొమ్మనే.

తమిళం వాళ్లు ఈ సంగతి మనకంటే ముందే ఆలోచించారు. ఉత్తరాది మాట తెచ్చుకుంటే ఆ అక్షరాలు వదిలేసి మన అక్షరాల్లోకి మార్చుకోమని తొల్కాప్పియమే చెప్పింది. మాట ర తోనో ల తోనో మొదలు కాకూడదు కాబట్టి రాముడు ఇరామన్, లక్ష్మణుడు ఇలక్కుమణన్, రంగడు అరంగన్, శ్రీరంగం తిరువరంగం అయ్యాయి. 1916లో తనిత్తమిళ్ ఉద్యమం మొదలైనప్పుడు స్వామి వేదాచలం తన పేరునే మఱైమలై అడిగళ్ చేసుకున్నారు. వేదానికి మఱై, అచలానికి మలై. అంతకు ముందే సూర్యనారాయణ శాస్త్రి పరిదిమాల్ కలైంజర్ అయ్యారు. ద్రావిడ ఉద్యమంలో నారాయణస్వామి నెడుంజెళియన్ అయ్యారు, రామయ్య అన్బళగన్ అయ్యారు. నాకు ఇందులో కోపం లేదు, గౌరవమే. తమ పేరు తమ నాలుకకు సరిపోవాలని పట్టుబట్టినవాళ్లు వాళ్లు. మనం మాత్రం మన పేరు ఎలా రాసినా తలాడించాం.

ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పాలి. మన లిపి కూడా అన్నీ పలికించలేదు. నా మనవరాలికి అచ్చ తమిళ పేరు పెట్టారు. అందులో 'తమిళ్' చివర పలికే ఆ శబ్దం ఉంది. నాలుక వెనక్కి మడిచి, దేనికీ తగలకుండా పలకాలి. పాత తెలుగు శాసనాల్లో దానికి అక్షరం ఉండేది, పోగొట్టుకున్నాం. ఇప్పుడు ళ వేసి సరిపెట్టుకుంటున్నాం. మా అవ్వ బతికుంటే ఆ పేరు పలకలేక "పాపా" అనే పిలిచేది. పేరు మాత్రం బాగుంది. తమిళ పేరు పెట్టొద్దని నేను ఎవరికీ చెప్పను. లెక్కల జ్యోతిష్యం చూసి ఇంగ్లీషులో రెండు ఏలు, మూడు హెచ్‌లు చేర్చేవాళ్లను చూస్తేనే, ఒకప్పుడు రిజర్వేషన్ చార్టు రాసిన చేతికి నొప్పి పుడుతుంది. అది వేరే కథ.

అసలు పోతున్నది ఇంటిపేరు. తమిళనాట ఇనిషియల్ అంటే సాధారణంగా తండ్రి పేరు, ఒక్కోసారి ఊరు కూడా. అణ్ణాదురై గారి సీ కాంజీవరం, ఎన్ నటరాజన్. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి ఎం మదురై, ఎస్ తల్లి షణ్ముఖవడివు. చక్కని పద్ధతే, కానీ తండ్రి పేరు కొడుకు దాకా మాత్రమే వెళ్తుంది. మనవడికి తాత ఇనిషియల్ ఉండదు. మన ఇంటిపేరు అలా కాదు. త్యాగరాజస్వామి 1767లో తిరువారూరులో పుట్టి, తిరువైయారులో బతికి, అక్కడే కన్నుమూశారు. అయినా ఈ రోజుకీ కాకర్ల త్యాగరాజు. కాకర్ల ఎక్కడి ఊరు, కావేరి ఎక్కడ! 1888లో తిరుత్తణిలో పుట్టిన రాధాకృష్ణన్ గారి పేరు చివర తమిళ 'అన్' వచ్చి చేరింది, ముందున్న ఎస్ మాత్రం నెల్లూరు జిల్లా సర్వేపల్లిని మోస్తూనే ఉంది. ఆ ఎస్ తండ్రి పేరని ఎవరైనా అనుకుంటే ఆ ఊరు మాయమైనట్టే. మన ఇళ్లలో చాలావరకు జరిగింది అదే.

పోయిన సంవత్సరం మనలోనే ఒక సంబంధం కుదిరింది. పేర్లు చెప్పను. రెండు వైపులా ఇనిషియల్ అంటే తండ్రి పేరే. జాతకాలు కలిశాయి, నిశ్చితార్థానికి మండపం కూడా మాట్లాడారు. ఇంటిపేర్లు ఎవరూ అడగలేదని కాదు, అడిగారు. వేరే వేరే అనుకున్నారు. ఒకరు ప తో పలుకుతున్నారు, ఇంకొకరు బ తో. తమిళ అక్షరాల్లో రాస్తే రెండూ ఒకటే. పదిరోజుల ముందు అబ్బాయి వైపు ముసలామె ఒకరు కులదేవత గుడి గురించి అడిగితే అప్పుడు బయటపడింది, రెండు ఇళ్లదీ ఒకే గుడి, ఒకే ఇంటిపేరు అని. వరసకు అన్నాచెల్లెళ్లు. సంబంధం ఆగిపోయింది. అప్పటికి ఆ పిల్లలు నాలుగు నెలలుగా ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. ఆ అమ్మాయి ఇప్పటికీ మన ఫంక్షన్లకు రావడం లేదు. ఈ కాలంలో ఇంటిపేరు ఒకటైతే ఏమిటి అని కుర్రవాళ్లు అడుగుతారు. అడగనివ్వండి, ఆ చర్చ మనం కూర్చుని చేసుకోవాల్సిందే. కానీ ఆ పట్టింపు పెట్టుకున్నంత కాలం, మొదటి రోజే తెలిసేలా చేయాల్సిన బాధ్యత పెద్దవాళ్లది. పుస్తకంలో ఇంటిపేరు తెలుగు అక్షరాల్లో ఉండి ఉంటే, చదవడం రాని వాళ్లకు కూడా పక్కపక్కన పెట్టి చూస్తే రెండు ముద్రలూ ఒకటేనని తెలిసేది.

పేజీలు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది అన్నారు. ఉద్యోగం గడి తీసేయండి, అది ఎలాగూ రెండేళ్లకు మారుతుంది. తెలుగు టైపు చేసేవాళ్లు లేరన్నారు. నేనున్నాను. ఫోన్లోనే చేస్తాను, ఇది కూడా అలాగే రాశాను.

తెలుగు రాయడం వచ్చినవాళ్లు ఫారం వెనుక పేరు, ఇంటిపేరు రాసి ఇవ్వండి. రానివాళ్లు ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఇంటిపేరు వాళ్ల నోటితోనే రెండుసార్లు చెప్పించి, వాట్సాప్‌లో వాయిస్ పంపండి. కుర్రవాళ్లు చెప్తే చాలదు, పెద్దవాళ్ల గొంతే కావాలి. నేను విని, రాసి, మీకు తిరిగి పంపుతాను. తప్పుంటే మొహమాటపడకుండా చెప్పండి. ఒకసారి బ ని ప చేసినవాణ్ని.