లారీ క్యాబిన్‌లో ఓటీటీ: మా మామకి నేను తప్పు ఫోన్ కొనిపించా

గత దసరాకి మా మామ ఫోన్ చేసి, "అల్లుడూ, పదిహేను వేల లోపల మంచి ఫోన్ ఒకటి చెప్పు, సినిమాలు బాగా కనపడాల" అన్నాడు. ఇలాంటి కాల్ వస్తే మనలాంటి వాళ్లకి పండగే కదా. స్పెక్స్ షీట్లు ముందేసుకుని అరగంటలో తేల్చేశా. అమోలెడ్ డిస్‌ప్లే, 120 హెర్ట్జ్, 5జీ, 128 జీబీ స్టోరేజ్. వింజమూరులో వాళ్లింట్లో కూర్చుని బాక్స్ ఓపెన్ చేసింది కూడా నేనే.

సంక్రాంతికి ఊరెళ్తే కొత్త ఫోన్ జేబులో ఉంది. మామ మాత్రం సినిమా మూల పగిలిన పాత ఫోన్‌లో చూస్తున్నాడు.

"ఏంది మామా ఇది?" అన్నా.

"ఆ ఫోను ఇంట్లో బాగుంటాది అల్లుడూ. నేను ఇంట్లో ఉండేది ఎన్ని రోజులు?"

మామ లారీ డ్రైవర్. నెలలో ఇరవై రోజులు పైనే క్యాబిన్‌లో గడుస్తాయి. తిండి, నిద్ర, స్నానం తర్వాత బట్టలారేసుకోవడం, అన్నీ అక్కడే. ఈ విషయం నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఫోన్ చెప్పేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు. రివ్యూలు చదివి చదివి, ఫోన్ వాడేవాడికి ఇంట్లో వైఫై, పక్కన ప్లగ్ పాయింట్ ఉంటాయని మైండ్ ఫిక్స్ అయిపోయింది.

అమెరికాలో ఆర్‌వీలో తిరుగుతూ బతికేవాళ్ల వీడియోలు మనం తెగ చూస్తాం. స్టార్‌లింక్ 2022 మేలో ఆర్‌వీల కోసమే ఒక ప్లాన్ తెచ్చింది. మనకి కారవాన్ అంటే షూటింగ్ స్పాట్‌లో హీరోగారి బండే గుర్తొస్తుంది. కానీ ఇల్లూ బండీ ఒకటే అయిన మనుషులు మన దగ్గర లేరా? నెల్లూరు దాటి 16వ నంబర్ హైవే మీద రాత్రిపూట ఒక్క గంట నిలబడితే వరసగా కనపడతారు. వాళ్ల కోసం ఏ ఫోన్‌నీ ఎవరూ టెస్ట్ చెయ్యరు. నేనూ చెయ్యలేదు.

తప్పు నాది కాబట్టి, మామతో ఒక ట్రిప్ వెళ్లా. కృష్ణపట్నంలో లోడు ఎత్తుకుని 67వ నంబర్ హైవే మీద ఆత్మకూరు, బద్వేలు, మైదుకూరు, ప్రొద్దుటూరు, తాడిపత్రి, గుత్తి, బళ్లారి మీదుగా హుబ్బళ్లి. కిటికీ పక్క సీట్లో నేను, నా చేతిలో మామ కొత్త ఫోన్.

సిగ్నల్ ఒకచోట, పార్కింగ్ ఒకచోట

మొదటి రోజే ఒక సంగతి అర్థమైంది. ఆత్మకూరులో సిగ్నల్ ఫుల్లు. కానీ అక్కడ లారీ ఆపడానికి చోటుండదు. మర్రిపాడు దాటి వెలికొండ అడవిలో పడ్డాక సిగ్నల్ పడుతూ లేస్తూ ఉంది. భోజనానికి, నిద్రకి బండి ఆగేది ఎప్పుడూ ఊరికి దూరంగానే. అంటే వీడియో బాగా వచ్చే టైమ్‌లో మామ చేతిలో స్టీరింగ్ ఉంటుంది. చేతులు ఖాళీ అయినప్పుడు వీడియో రాదు.

"రోడ్డంతా 4జీ ఉందిగా" అంటారేమో. ఉంది. కాల్స్‌కీ వాట్సాప్ మెసేజ్‌లకీ చాలాచోట్ల సరిపోయింది. సినిమాకి కావాల్సింది వేరు. స్ట్రీమింగ్ యాప్ వీడియోని కొన్ని సెకన్ల ముక్కలుగా తెచ్చుకుంటుంది. ఒక ముక్క ఆలస్యమైతే తర్వాతది తక్కువ క్వాలిటీలో అడుగుతుంది, అదీ రాకపోతే చక్రం తిరుగుతుంది. దూరంగా ఉన్న ఒకే టవర్ మీద ధాబా దగ్గర ఆగిన లారీలన్నీ ఒకేసారి పడితే ఆ చక్రం ఎంతసేపు తిరుగుతుందో మీరే ఊహించుకోండి.

నేను గొప్పగా చెప్పిన 5జీ ఇక్కడ పెద్దగా అక్కరకు రాలేదు. మన దగ్గర 5జీ వేగం ఎక్కువగా 3500 మెగాహెర్ట్జ్ దగ్గరున్న స్పెక్ట్రమ్ మీద నడుస్తుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ సిగ్నల్ తక్కువ దూరం పోతుంది. కొండల్లో ఆదుకునేవి 700, 850, 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు. బీఎస్ఎన్ఎల్ 4జీ వాడే రెండు బ్యాండ్లలో ఒకటి 700, అంటే బ్యాండ్ 28. స్పెక్స్ షీట్‌లో 4జీ బ్యాండ్ల లైన్‌లో అది లేకపోతే ఆ సిగ్నల్ మీ ఫోన్‌కి అందదు. ఆ లైన్ మనలో ఎంతమంది చదువుతాం? నేను ఎప్పుడూ స్కిప్ చేసేవాణ్ని.

డౌన్‌లోడ్ ఉంది, సినిమా లేదు

సరే, స్ట్రీమింగ్ కాకపోతే డౌన్‌లోడ్. తెలివిగా బయల్దేరేముందే నాలుగు సినిమాలు దించి పెట్టా. రెండో రాత్రి గుత్తి దాటాక బండి ఆపి, అన్నం తిని, మామ వెనక బెర్త్ మీద నడుం వాల్చి ప్లే నొక్కాడు. ఎక్స్‌పైర్ అయింది, ఇంటర్నెట్‌కి కనెక్ట్ అవ్వండి అని వచ్చింది. ఆ యాప్ పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఒక్క యాప్ జబ్బు కాదు. మొదటి రాత్రి పది నిమిషాలు చూసి నిద్రపోయాడు, అంతే. గడియారం అప్పుడే మొదలైంది.

రూల్స్ ఇలాగే ఉంటాయి. నెట్‌ఫ్లిక్స్‌లో కొన్ని టైటిల్స్ మొదటిసారి ప్లే చేసిన 48 గంటల్లో ఎక్స్‌పైర్ అవుతాయి. ప్రీమియం లేకుండా యూట్యూబ్‌లో దించుకున్న వీడియోలకి కూడా 48 గంటలే. యూట్యూబ్ ఆఫ్‌లైన్ ఇండియాకి వచ్చింది 2014 డిసెంబర్‌లో. నెట్‌ఫ్లిక్స్ డౌన్‌లోడ్ 2016 నవంబర్‌లో. నెట్ సరిగా లేని మనుషుల కోసం వచ్చిన ఫీచర్ ఇది. మళ్లీ నెట్ ఉంటేనే పనిచేస్తానంటే ఎట్లా?

నిర్మాతల వైపు న్యాయం లేదనను. హక్కులు నెలలకీ ఏళ్లకీ అమ్ముతారు, కాపీ కొట్టేవాళ్లున్నారు, ఏదో ఒక గడువు పెట్టాల్సిందే. కానీ డబ్బు కట్టిన మనిషికి రెండు గంటల సినిమా చూడ్డానికి రెండు రోజుల గడువు చాలదు. ఎందుకంటే మామ రోజుకి చూడగలిగింది అరగంట. సినిమా మొదలుపెట్టాక వారం రోజులిస్తే ఎవరి కొంప మునుగుతుంది?

పాత ఫోన్ గుట్టు కూడా అప్పుడే తెలిసింది. అందులో 128 జీబీ మెమరీ కార్డు ఉంది. నేను కొనిపించిన దాంట్లో కార్డు స్లాటే లేదు. లెక్క చూడండి. 480పీ వీడియో సెకనుకి 1 మెగాబిట్ చొప్పున అయితే గంటకి 450 ఎంబీ. రెండున్నర గంటల సినిమా 1.1 జీబీ. రోజుకి 1.5 జీబీ ప్లాన్‌లో ఒక్క సినిమాకే డేటా ముప్పావు వంతు అయిపోతుంది, ఇంట్లోవాళ్లకి వీడియో కాల్స్‌కి మిగిలేది తక్కువే. అదే 128 జీబీ కార్డులో ఇలాంటివి వంద సినిమాలు పడతాయి. ఆరంగుళాల స్క్రీన్ మీద, బెర్త్ మీద పడుకుని చూసేటప్పుడు 480పీకీ 1080పీకీ తేడా మామకి కనపడలేదు. నిజం చెప్పాలంటే నాకూ పెద్దగా కనపడలేదు.

ఇది కాలక్షేపం గొడవ కాదు

మూడో రోజు పొద్దున అడిగా, "మామా, సిగ్నల్ ఉన్నప్పుడు నడుపుతా చూడాలనిపించదా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అనిపిస్తాది. చూసేవాళ్లు ఉండారు, అద్దం ముందర తగిలించుకొని. నేను ఇంజను స్టార్ట్ చేస్తే ఫోను డబ్బాలో పడేస్తా. రాత్రికి చూసేది ఉందంటే పగలు దాని మీద మనసు పోదు. రాత్రికి ఏమీ లేదంటేనే చెయ్యి లాగతాది" అన్నాడు.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద చేత్తో ఫోన్ పట్టుకుని వాడుతూ నడపడం ప్రమాదకరమైన డ్రైవింగే. మొదటిసారికే 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. చట్టం ఉండాల్సిందే, నడుపుతూ చూడ్డానికి ఏ సాకూ లేదు. కానీ బండి ఆగిన చోట పనిచేయని యాప్, బండి కదిలే చోట బ్రహ్మాండంగా పనిచేస్తుంటే, ఆ యాప్ మనిషిని ఎటు తోస్తున్నట్టు? అందుకే నా దృష్టిలో ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్ లగ్జరీ ఫీచర్ కాదు, సేఫ్టీ ఫీచర్. రివ్యూల్లో దానికి మార్కులుండాలి.

ఫోన్ రివ్యూ రాసేవాళ్లకి, నాతో సహా, నాది ఒక్కటే అడగడం. గేమింగ్ టెస్ట్ పెడుతున్నాం, రాత్రి ఫొటోలు తీస్తున్నాం. ఒక రోజు సిమ్ తీసేసి ఆ ఫోన్‌తో బతికి చూద్దాం. కార్డు స్లాట్ ఉందా, అందులోకి డౌన్‌లోడ్లు పోతున్నాయా, లో బ్యాండ్లు ఏమున్నాయి, వేడికి ఏమవుతోంది. ఆపిల్ తన ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటుంది. తాడిపత్రి ఎండలో ఆగిన లారీకి ఆ సంగతి ఎవరు చెప్తారు? 2025లో అమల్లోకి వచ్చిన రూల్‌తో కొత్త లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది, కానీ మామ బండి దానికంటే చాలా ముందుది.

మీ ఇంట్లో డ్రైవర్ ఉంటే

ఈ ట్రిప్‌లో నేర్చుకున్నవి ఇవి. బెంగళూరు నుంచి స్లీపర్ బస్సులో ఊరొచ్చే మీకు కూడా పనికొస్తాయి.

- డౌన్‌లోడ్ క్వాలిటీ స్టాండర్డ్‌లో పెట్టండి. కార్డు స్లాట్ ఉంటే యాప్ సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్ లొకేషన్ కార్డుకి మార్చండి. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో ఆండ్రాయిడ్‌లో దీన్ని ఒప్పుకుంటాయి.
- బయల్దేరేముందు ఫ్లైట్ మోడ్ ఆన్ చేసి ప్రతి డౌన్‌లోడ్ ఓపెన్ అవుతుందో లేదో చూడండి. ప్లే చేసినవాటికి గడువు మొదలై ఉంటే, నెట్ ఉన్నప్పుడే రెన్యూ చెయ్యండి.
- లారీ కరెంటు 24 వోల్టులు, కారుది 12. ఛార్జర్ మీద 12–24వీ అని రాసి ఉంటేనే కొనండి.
- ఇంజన్ ఆన్‌లో ఉంటే ఫోన్ డబ్బాలో. ఇది మామ రూల్.

ప్రస్తుతానికి మామ దగ్గర రెండు ఫోన్లు ఉన్నాయి. కాల్స్‌కి, వీడియో కాల్స్‌కి కొత్తది. సినిమాకి పగిలిన పాతది. ఆయన ఆదివారం వింజమూరు వస్తాడు, సోమవారం మళ్లీ లోడు. ఈ మధ్యలో కార్డు నింపే డ్యూటీ నాది. ఇంకోసారి ఎవరైనా మంచి ఫోన్ చెప్పమని అడిగితే, బడ్జెట్ ఎంత అని అడిగేముందు రాత్రి ఎక్కడ పడుకుంటారో అడుగుతా.