పెచ్చు ఊడాకనా తనిఖీ?

మా అత్తగారి ఊళ్లో కొత్త బస్టాండు కడుతున్న రోజులవి. పాతది సగం పడగొట్టేశారు, కొత్తది సగం లేచింది. ప్రయాణికుల కోసమని పక్కన రేకుల షెడ్డు వేశారు గానీ, రెండు రేకులు గాలికి లేచిపోయాక మళ్లీ ఎవరూ వేయలేదు. దాంతో ఎండొచ్చినా వానొచ్చినా అందరం కొత్త కట్టడం సజ్జ కిందకే చేరేవాళ్లం. అందరం అంటే ఎవరనుకున్నారు? మగవాళ్లు ఎదురుగా టీ బండి దగ్గర నిలబడేవారు. సజ్జ కింద ఉండేది చంకన పిల్లలున్న తల్లులు, కాలేజీ అమ్మాయిలు, ఆస్పత్రికి బయల్దేరిన ముసలమ్మలు.

అక్కడ పూలమ్మే ఆవిడొకామె ఉండేది. నేను సజ్జ కింద నిలబడబోతుంటే, "ఆడ నిలబడకమ్మా, కర్రలు తీసిన కాడ్నుంచి నీళ్లు కారుతున్నయ్. నేనైతే నా గంప ఇవతలికి జరుపుకున్న" అంది. తలెత్తి చూస్తే నిజమే. సజ్జ అంచున తడి మరక, దాని పొడుగునా సన్నటి చీలిక. ఊరుకోలేక పని చూసే సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన విసుక్కోలేదు. "రోజూ చెక్ చేస్తున్నాం మేడమ్" అని మర్యాదగా రిజిస్టరు తెరిచి చూపించాడు. వారం మొత్తానికీ గడుల్లో "బాగుంది" అని రాసి ఉంది. ఒకే పెన్ను, ఒకే చేతిరాత. శనివారం గడి కూడా నిండి ఉంది. నేను వెళ్లింది శుక్రవారం!

నాలుగు రోజుల తర్వాత, రాత్రిపూట, సరిగ్గా అక్కడే పెచ్చు ఊడిపడింది. కింద ఎవరూ లేరు కాబట్టి పొద్దున్నే ఊడ్చి పారేశారు, అంతే.

అమీర్‌పేటలో మాత్రం కింద మనిషి ఉంది. 2019 సెప్టెంబరు 22, ఆదివారం. వాన పడుతోందని ఒక యువతి మెట్రో స్టేషను కింద నిలబడింది. పైనుంచి పెచ్చు ఊడి నెత్తిన పడింది. ప్రాణం పోయింది. ఆ స్టేషను తెరిచి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. ఆమె రైలెక్కలేదు, పట్టాలు దాటలేదు, ఏ నిబంధనా మీరలేదు. వానకు తలదాచుకుంది. ఆ వార్త చదివిన రోజు నాకు మా బస్టాండు సజ్జే కళ్ల ముందు మెదిలింది.

మెట్రో రైలు ప్రజలకు తెరిచే ముందు భద్రతా కమిషనర్ వచ్చి పరీక్షించి సరేనంటేనే నడపాలి. 2002 నాటి చట్టం ఆ మాట చెబుతోంది. మీకో విచిత్రం చెప్పనా? రైళ్ల భద్రత చూసే ఈ కమిషనర్లు రైల్వే శాఖ కింద ఉండరు, పౌర విమానయాన శాఖ కింద ఉంటారు. కట్టేవాళ్లూ నడిపేవాళ్లూ వేరు, తప్పొప్పులు చూసేవాళ్లు వేరుగా ఉండాలని 1941లోనే విడదీశారు. బంగారం లాంటి ఆలోచన. కానీ ఆ పరీక్ష ముఖ్యంగా రైలు గురించి. కడుతున్నన్నాళ్లూ దగ్గరుండి చూసేది కట్టించేవాళ్లు పెట్టుకున్న ఇంజనీర్లే. తెరిచాక రోజువారీ తనిఖీ నడిపేవాళ్ల చేతిలోనే. మరి కింద రోడ్డు మీద పోయే మన సంగతి ఎవరి రిజిస్టర్లో ఉంది?

2023 జనవరి 10న బెంగళూరు నాగవారలో ఏం జరిగిందో గుర్తుందా? మెట్రో స్తంభం కోసం నిలబెట్టిన ఇనుప చువ్వల బోను రోడ్డు మీదికి ఒరిగిపోయింది. భార్యాభర్తలు, ఇద్దరు పసిపిల్లలు స్కూటర్ మీద వెళుతున్నారు. తల్లీ, కొడుకూ పోయారు. అంతెత్తు బోనుకి ఆసరా చాలలేదని తర్వాత నిపుణులు తేల్చారు. తర్వాత!

మా మేనల్లుడు సివిల్ ఇంజనీరు. నేను ఇదంతా ఏకరువు పెడితే నవ్వి, "అత్తయ్యా, అన్నీ ఒకేలా తనిఖీ చెయ్యడం కుదరదు. అందుకే రిస్కు లెక్క వేస్తాం" అన్నాడు. ఆ లెక్క ఇలా ఉంటుందట. ముందుగా ఎక్కడెక్కడ ఏ ప్రమాదం ఉందో పట్టిక రాసుకుంటారు. ప్రమాదం జరిగే అవకాశం ఎంతో ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. జరిగితే నష్టం ఎంతో మళ్లీ ఒకటి నుంచి ఐదు దాకా. రెండూ హెచ్చవేస్తే వచ్చేది దాని బరువు. ఇరవై, ఇరవై అయిదు వచ్చిన చోటికి తనిఖీ అధికారి రోజూ వెళ్లాలి, చెప్పకుండా వెళ్లాలి. రెండో మూడో వచ్చిన చోటికి నెలకోసారి వెళ్లినా చాలు.

ఈ పద్ధతిని నేనేమీ తప్పు పట్టను. మనం ఇంట్లో చేసేది అదే కదా. రాత్రి పడుకునే ముందు గరిటెలు లెక్కపెట్టుకోం. గ్యాస్ కట్టామా లేదా చూస్తాం, వీధి తలుపు గడియ చూస్తాం. ఉన్నది నలుగురు అధికారులైతే, ఆ నలుగురినీ నాలుగు వందల చోట్లకు సమానంగా పంపితే, చివరికి మిగిలేది మా బస్టాండు రిజిస్టరే. అన్ని గడుల్లోనూ "బాగుంది".

నా పేచీ అంతా ఒక్కటే. ఆ మార్కులు వేసేదెవరు? రిస్కు పట్టిక గదిలో కూర్చుని రాస్తే, సజ్జ పెచ్చుకి ఒకటో రెండో పడుతుంది. చిన్న ముక్క, ఎప్పుడో గానీ ఊడదు, కింద ఎవరూ ఉండరు అనుకుంటారు. కింద ఎవరున్నారో పూలామెకు తెలుసు. షెడ్డు రేకులు లేచిపోయిన రోజే ఆ సజ్జ మార్కులు మారిపోవాలి. వానాకాలం మొదలైన రోజున మళ్లీ మారాలి. జనాన్ని మనమే దాని కిందకి తోసినప్పుడు చిన్న పెచ్చు చిన్నది కాదు. అమీర్‌పేట చెప్పింది అదే. ఒకసారి రాసి బీరువాలో పెట్టేసే పట్టిక కంటే పట్టిక లేకపోవడమే నయం, కనీసం చూశామన్న భ్రమ అయినా ఉండదు.

సరే, ప్రమాదం ఉందని పట్టికలో ఉన్నా సరిపోదు. 2009 జులై 12 తెల్లవారుజామున ఢిల్లీ జమ్రూద్‌పూర్‌లో కడుతున్న మెట్రో వంతెన కూలి ఆరుగురు పోయారు. అక్కడి స్తంభంలో పగుళ్లు అంతకుముందే కనిపించాయి. మరమ్మతులూ చేస్తూ వచ్చారు. అంటే తెలియక కాదు. తెలిసీ, "ఇప్పుడు పని ఆపండి, కింద రోడ్డు మూసెయ్యండి" అని గట్టిగా అనగలిగే బయటి మనిషి లేకపోవడం వల్ల అని నాకనిపిస్తుంది. మెట్రో పెద్ద శ్రీధరన్ గారు ఆ రోజే నైతిక బాధ్యత అంటూ రాజీనామా ఇచ్చారు, వద్దని ఆయన్నే కొనసాగించారు. పెద్దమనిషి, కాదనను. కానీ ఒక మనిషి మంచితనం మీద ఆధారపడేదాన్ని వ్యవస్థ అనలేం కదా.

ఆపే అధికారం అంటే ఏమిటో అమెరికా రాజధాని వాషింగ్టన్ మెట్రో చూస్తే తెలుస్తుంది. 2009 జూన్ 22న అక్కడ ఒక రైలు ఆగి ఉన్న రైలును గుద్దింది. 9 మంది పోయారు. ముందు రైలుందని కనిపెట్టాల్సిన పరికరం పనిచేయలేదు. పర్యవేక్షణకు అప్పటికి ఒక కమిటీ ఉండనే ఉంది. కానీ దానికి సొంత సిబ్బంది లేరు, అధికారం లేదు. రైళ్లు నడుస్తుండగా పట్టాల దగ్గరికి వెళ్లి చూస్తామంటే మెట్రోవాళ్లు వీల్లేదన్నారు! తనిఖీకి వచ్చినవాళ్లను గుమ్మంలోనే ఆపేశారన్నమాట. ఆ తర్వాత చట్టాలు మారాయి. 2019 నుంచి కొత్త భద్రతా కమిషన్ వచ్చింది. 2021 అక్టోబరులో ఒక రైలు పట్టాలు తప్పింది. ఇరుసు మీద చక్రాలు పక్కకి జరుగుతున్నాయని బయటపడింది. వారం తిరక్కుండానే ఆ కమిషన్ ఆ రకం పెట్టెలు మొత్తం 748 పక్కన పెట్టించేసింది. సగానికి పైగా రైళ్లు ఆగిపోయాయి. జనం స్టేషన్లలో గంటలో సగం నిలబడి తిట్టుకున్నారు. తిట్టుకోనివ్వండి. తిట్టుకుంటూ ఇంటికి చేరారు. అదే సంవత్సరం అక్కడ వచ్చిన చట్టంతో, రిస్కు ఎక్కడుంటే తనిఖీ అక్కడికి వెళ్లాలన్నది రాష్ట్రాల పర్యవేక్షణ సంస్థలకు తప్పనిసరి అయింది.

ఇవన్నీ ఇప్పుడెందుకంటారా? హైదరాబాద్ మెట్రో రెండో దశ కింద ఐదు మార్గాలు, 76.4 కిలోమీటర్లకు 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం సరేనంది. అందులో ఒకటి ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్టకు, పాతబస్తీ మీదుగా. ఆ సందులు చూసినవాళ్లకు తెలుసు, పండగ ముందు గాజుల కోసం వెళితే అడుగు తీసి అడుగు వేయడమే కష్టం. ఆంధ్రలో విశాఖ, విజయవాడ మెట్రోలకు 2024 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం ఆమోదం చెప్పింది. ఎంత ఖర్చు, ఏ స్టేషను ఎక్కడ, టికెట్ ఎంత అని అందరూ మాట్లాడుతున్నారు. కడుతున్న అయిదారేళ్లు దాని కింద నుంచి బడికి పిల్లల్ని దింపేది ఎవరు, కూరగాయలు తెచ్చుకునేది ఎవరు అని అడిగినవాళ్లు నాకు కనపడలేదు.

నన్నడిగితే టెండరు పిలిచేనాటికే ఆ రిస్కు పట్టిక జనం ముందు ఉండాలి, తెలుగులో ఉండాలి. అది రాసేటప్పుడు ఆ వీధి దుకాణాలవాళ్లను, బడి ఆయమ్మలను, ఆటో డ్రైవర్లను కూర్చోబెట్టాలి. తనిఖీవాళ్ల జీతం కాంట్రాక్టరు బిల్లులోంచి రాకూడదు. పని ఆపించే అధికారం చేతిలో ఉండాలి, ఆపించినందుకు బదిలీ కాకూడదు. ఇంకోటి. ప్రారంభోత్సవం తేదీ ముందే ప్రకటించేస్తారు చూడండి, దానికీ పట్టికలో మార్కులు వేయాలంటాను. రిబ్బను కత్తిరించే రోజు దగ్గరపడే కొద్దీ రాత్రిళ్లు దీపాల వెలుగులో హడావుడి పనులు జరుగుతాయి. మా మేనల్లుడు దీనికి మాత్రం నవ్వలేదు. "అది ఎవరూ రాయరత్తయ్యా" అన్నాడు.

దీనికంతా డబ్బెక్కడిదంటారు కొందరు. వేల కోట్ల పనిలో నలుగురు మంచి ఇంజనీర్ల జీతం భారమంటే నేను నమ్మను.

బస్టాండులో పైకప్పు ఒక్కటే చూస్తే చాలదని కూడా మనకు తెలిసొచ్చింది. 2023 నవంబరు 6న విజయవాడ బస్టాండులో వెనక్కి వెళ్లాల్సిన బస్సు ముందుకు దూకి ప్లాట్‌ఫారం ఎక్కేసింది. ముగ్గురు పోయారు, అందులో ఓ పసివాడు.

పోయిన నెల మళ్లీ మా అత్తగారి ఊరు వెళ్లాను. బస్టాండు పూర్తయింది. గ్రానైటు బండలు, ఫ్యాన్లు, అంతా కళకళలాడుతోంది. పూలామె ఉంది గానీ నీడపట్టున రెండో ప్లాట్‌ఫారం మూల ఖాళీగా ఉంటే, ఎండలో గేటు దగ్గర కూర్చుంది. అక్కడ కూర్చోవచ్చు కదా అన్నాను. మూర మల్లెపూలు కొలుస్తూనే తల అడ్డంగా ఊపి, "బస్సు ఎనక్కి తీసేటప్పుడు ఆ మూల డ్రైవరుకు కానరాదమ్మా" అంది.