‘లో రిస్క్’ అనగానే మడిచేసే కాగితం

సూరత్‌లో లింబాయత్ వైపు ఓ చిన్న ల్యాబులో రక్తం తీసే పని నాది. వచ్చే గర్భిణుల్లో చాలామంది మనవాళ్లే. కరీంనగర్, వరంగల్, నల్లగొండ నుంచి పవర్‌లూమ్ పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాలు. డాక్టరమ్మ హిందీలో చెబుతుంది, రిపోర్టు ఇంగ్లిష్‌లో వస్తుంది. “అక్కా, మంచిగనే ఉన్నదా?” అని మాత్రం నన్నే అడుగుతారు.

బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ముప్పు ఎంతో అంచనా వేసే డబుల్ మార్కర్ పరీక్షలో 11 నుంచి 13 వారాల మధ్య తల్లి రక్తంలో రెండు ప్రొటీన్లు కొలుస్తారు: పాప్-ఏ, ఫ్రీ బీటా హెచ్‌సీజీ. రెండూ మాయ నుంచి వచ్చేవే. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉంటే సగటున మొదటిది సగానికి తగ్గుతుంది, రెండోది రెట్టింపవుతుంది. రిపోర్టులో వీటిని ‘మామ్’ లెక్కలో రాస్తారు. అదే వారంలో ఉన్న గర్భిణులను పాప్-ఏ మోతాదు ప్రకారం వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ ఉన్నామెది 1. మీది 0.4 అంటే ఆమెకున్న దాంట్లో 40 శాతం. అంతేగానీ బిడ్డకు నూటికి నలభై మార్కులు వచ్చినట్టు కాదు.

ఈ లెక్క శాంపిల్‌తో పాటు నింపే ఫారం మీద ఆధారపడుతుంది. పాప్-ఏ ఈ వారాల్లో రోజురోజుకూ పెరుగుతుంది, బీటా తగ్గుతుంది. నెల తప్పిన తేదీని ఉజ్జాయింపుగా చెప్పి గర్భాన్ని వారం ఎక్కువగా రాయిస్తే, ఆరోగ్యంగా ఉన్న బిడ్డకూ రిస్క్ ఎక్కువని రావచ్చు. అందుకే స్కాన్‌లో బిడ్డ పొడవు చూసి వారాలు లెక్కగట్టాలి. బరువు సంగతీ అంతే. లావుగా ఉన్నవాళ్లలో రక్తం ఎక్కువ, ప్రొటీన్ పలచబడుతుంది, దానికి తగ్గట్టు సాఫ్ట్‌వేర్ సవరిస్తుంది. 42 కిలోల పిల్లకు కాటా ఎక్కించకుండా 55 అని రాసేస్తే తక్కువున్న పాప్-ఏ కూడా బాగానే ఉన్నట్టు కనబడుతుంది. ఇక మే నెల ఎండలో శాంపిల్ వేరుచేయకుండా గంటలకొద్దీ ఉంటే ఫ్రీ బీటా ఉత్తుత్తిగానే పెరుగుతుంది. షుగరు, కవలలు, ఐవీఎఫ్ గురించి అడగకుండా ఫారం నింపే చోట్లు నేను చూశాను. అది ఒప్పుకోరాని పని.

హై రిస్క్ వస్తే ఇల్లంతా ఏడుస్తుంది. 180లో ఒకటి అంటే 179 మందికి ఆ జబ్బు లేదనే. తేల్చేది ఉమ్మనీటి పరీక్షో, మాయ ముక్క పరీక్షో. ఖరీదైన ఎన్‌ఐపీటీ రక్తపరీక్ష కూడా వడపోతే, తీర్పు కాదు. మేనరికం చేసుకున్నామని ఈ టెస్టు చేయించుకుని నిశ్చింతగా ఉండేవాళ్లూ ఉన్నారు. మేనరికంలో భయపడాల్సిన జన్యు జబ్బులు వేరు, ఈ టెస్టు వాటిని చూడదు.

నా అసలు గొడవ లో రిస్క్ వచ్చినవాళ్ల గురించి. డౌన్ రిస్క్ పదివేలలో ఒకటి, పాప్-ఏ 0.35. ఇలాంటి కాగితాన్ని “ఏం లేదు పో” అని మడిచి ఇచ్చేస్తారు. బిడ్డ పెరుగుదలకు కావలసిన ఐజీఎఫ్ అనే హార్మోన్‌ను పట్టి ఉంచే ప్రొటీన్‌ను తెంచి, ఆ హార్మోన్‌ను విడుదల చేయడమే పాప్-ఏ పని. క్రోమోజోములు బాగున్నా పాప్-ఏ తక్కువుంటే మాయ సరిగా కుదురుకోలేదేమోనన్న సూచన. బిడ్డ ఎదుగుదల మందగించడం, తల్లికి బీపీ పెరిగి ప్రీఎక్లాంప్సియా రావడం వీళ్లలో కొంత ఎక్కువ. చాలామందికి ఏమీ కాదు, నిజమే. కానీ బీపీ తరచూ చూడటం, చివరి నెలల్లో పెరుగుదల స్కాన్లు చేయడం ఎంత పని? ప్రీఎక్లాంప్సియా ముప్పు ఎక్కువని తేలినవాళ్లకు 16 వారాల లోపే తక్కువ మోతాదు ఆస్ప్రిన్ మొదలుపెడితే నెలలు నిండకముందే వచ్చే ఆ జబ్బు బాగా తగ్గిందని 2017లో ఆస్ప్రే పరిశోధన చూపింది. అది వేసుకోవాలో లేదో డాక్టరే చెప్పాలి. అడగాలని తెలిస్తే కదా మనవాళ్లు అడిగేది!

సూరత్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. తెలుగులో పాఠాలు చెప్పించగల ఊరు, ఆరోగ్య కేంద్రాల్లో తెలుగులో ఓ అర పేజీ అచ్చు వేయించలేదా? ప్రైవేటు ల్యాబులు రిస్క్ అంకె కింద పాప్-ఏ గురించి వేరే లైను రాయాలి: తక్కువుంటే ఈ రిపోర్టు ప్రసవం దాకా దాచుకోండి, ప్రతి చెకప్‌లో చూపించండి అని. అదీ కుదరకపోతే ముందు ప్రతి ల్యాబులో ఒక మంచి బరువు కాటా పెట్టించండి.