హెచ్‌పీ చెప్పని లెక్క

మినీ ట్రాక్టర్ కొనడానికి షోరూముకి వెళ్లిన రైతు మొదట అడిగేది ‘ఎన్ని హెచ్‌పీ?’ అని. ఆ తర్వాతి ప్రశ్న వెనక లిఫ్టు ఎన్ని కిలోలు ఎత్తుతుందన్నది. గొర్రు, రోటవేటర్ వంటి పనిముట్లకు ఈ రెండు అంకెలతో చాలావరకు పని జరిగిపోతుంది. అదే ట్రాక్టరుకు మొద్దులు చీల్చే హైడ్రాలిక్ యంత్రాన్ని, అంటే లాగ్ స్ప్లిటర్‌ను తగిలించాలనుకున్నప్పుడు మాత్రం ఇవి అక్కరకు రావు. పంపు నిమిషానికి ఎన్ని లీటర్ల ఆయిల్ తోస్తుంది, ఎంత పీడనం దాకా తోస్తుంది, ఆ ఆయిల్ ఏ దారిన వెనక్కి వస్తుంది అన్నవే అప్పుడు అసలు ప్రశ్నలు. షోరూము కరపత్రాల్లో వీటికి జవాబు అరుదుగా కనిపిస్తుంది.

ముసలి మామిడి, జీడిమామిడి తోటలు తీసేసిన చోట, కట్టెలతో నడిచే పొగాకు బ్యారన్ల దగ్గర, ఇటుక బట్టీల దగ్గర గొడ్డలి పట్టే మనిషి దొరకడం కష్టమైంది. ఇంట్లో ఉన్న చిన్న ట్రాక్టరుతోనే ఆ పని చేయించుకోవాలనుకోవడం సబబైన ఆలోచనే.

ఈ యంత్రం వెనకున్న సూత్రం బడిలో చదువుకున్న పాస్కల్ నియమమే. ఉదాహరణకు 100 మిల్లీమీటర్ల వ్యాసమున్న సిలిండర్‌ను తీసుకుంటే, పిస్టన్ వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. పీడనం 150 బార్ అయితే తోపుడు బలం సుమారు 12 టన్నులు. అంత బలం ముందు చాలా మొద్దులు చీలిపోతాయి. పంపు నిమిషానికి 20 లీటర్లు ఇస్తే పిస్టన్ 60 సెంటీమీటర్లు ముందుకు రావడానికి 14 సెకన్లు పడుతుంది. బలం చాలలేదని 125 మిల్లీమీటర్ల సిలిండర్ పెడితే దాదాపు 19 టన్నులు వస్తుంది, కానీ సమయం 22 సెకన్లకు పెరుగుతుంది. బలం పెంచితే వేగం తగ్గక తప్పదు.

150 బార్ దగ్గర నిమిషానికి 20 లీటర్లంటే 5 కిలోవాట్లు, అంటే 7 హెచ్‌పీ కన్నా తక్కువే. ఇంజిన్ 24 హెచ్‌పీదైనా 30 హెచ్‌పీదైనా ఆ పంపు ద్వారా స్ప్లిటర్‌కు అందేది అంతే. పెద్ద ఇంజిన్ ఉంటే మొద్దులు ఇట్టే చీలతాయని నమ్మి కొన్నవారికి ఈ సంగతి డబ్బు కట్టాకే తెలుస్తుంది.

తిరుగుదారి సంగతి ఇంతకన్నా ముఖ్యం. మన దగ్గర ట్రాక్టరు హైడ్రాలిక్స్ అంటే చాలామందికి తెలిసింది టిప్పింగ్ ట్రాలీయే. దానికి ఒకే హోస్ పైపు ఉంటుంది. ఆయిల్ వెళ్తే ట్రాలీ లేస్తుంది, లివర్ దించితే ట్రాలీ బరువుకే అదే పైపులో ఆయిల్ వెనక్కి వస్తుంది. స్ప్లిటర్ అలా పనిచేయదు. దాని పిస్టన్‌ను ముందుకు తోయాలన్నా వెనక్కి లాగాలన్నా ఆయిలే కావాలి కాబట్టి ఒక పైపు సరిపోదు. పైగా పిస్టన్ వెనక్కి వస్తున్నప్పుడు తిరిగొచ్చే ఆయిల్ పంపు ఇచ్చేదానికంటే ఎక్కువ. 50 మిల్లీమీటర్ల రాడ్ ఉన్న పై సిలిండర్‌లోకి 20 లీటర్లు వెళ్తుంటే రెండో వైపు నుంచి దాదాపు 27 లీటర్లు బయటికొస్తుంది. అందుకే రిటర్న్ పైపు లావుగా ఉండాలి, నేరుగా ట్యాంకుకే చేరాలి.

ఆ పైపు క్విక్ కప్లర్ పూర్తిగా కూర్చోకపోతే లోపలి వాల్వు దారి మూసేస్తుంది. అప్పుడు కత్తి మొద్దును తాకకముందే సిలిండర్ రాడ్ వైపు పీడనం 200 బార్ దాకా పోవచ్చు. వాల్వు బాడీలో తిరుగుదారి వైపు సీళ్లు అంత పీడనానికి చేసినవి కావు, పగిలిపోతాయి.

ఇంకో పొరపాటు కూడా మామూలే. గేర్ పంపు ఇంజిన్ తిరిగినంతసేపూ ఆయిల్ తోస్తూనే ఉంటుంది. లివర్ మధ్యలో ఉన్నప్పుడు దాన్ని ట్యాంకుకు వదిలే ఓపెన్ సెంటర్ వాల్వు పెట్టాలి. దారి మూసే క్లోజ్డ్ సెంటర్ వాల్వు పెడితే ఆయిల్ అంతా రిలీఫ్ వాల్వు మీదుగానే పోతుంది. ఆ 5 కిలోవాట్లూ వేడిగా మారతాయి. 2 కిలోవాట్ల గీజర్లు రెండింటిని ఆయిల్‌లో ముంచినా అంత వేడి రాదు. చాలా చిన్న ట్రాక్టర్లలో గేర్‌బాక్స్‌లో ఉండేదీ అదే ఆయిల్.

మనిషి ఒంటికి జరిగే నష్టం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 150 బార్ దగ్గర పైపుకి సూదిమొనంత రంధ్రం పడితే బయటికొచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్తుంది. పైకి ముల్లు గుచ్చుకున్నంత గాయమే కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా అంతగా ఉండకపోవచ్చు. లోపల కణజాలం మాత్రం గంటల్లో పాడవుతుంది. ఆలస్యమైతే వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు. ఇది వెంటనే శస్త్రచికిత్స చేయాల్సిన గాయం. లోపలికి వెళ్లింది హైడ్రాలిక్ ఆయిల్ అని డాక్టరుకు చెప్పి తీరాలి. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూసే అలవాటు మెకానిక్ షెడ్లలో మానాలి. ఒక అట్టముక్కను దూరంగా పట్టుకుని ఆడిస్తే లీకు బయటపడుతుంది. పైపు విప్పేముందు ఇంజిన్ ఆపి, లివర్‌ను అటూ ఇటూ కదిపి పీడనం వదిలేయాలి.

నిజానికి కావలసిన అంకెలను ఎవరూ కొత్తగా కొలవనక్కర్లేదు. మధ్యప్రదేశ్‌లోని బుద్ని కేంద్ర సంస్థలో ట్రాక్టర్లను పరీక్షించేటప్పుడు హైడ్రాలిక్ పంపు పనితీరునూ నమోదు చేస్తారు. పరీక్ష నివేదికలో ఉన్న అంకె కొనేవారి చేతికిచ్చే కాగితంలోకి రాకపోవడానికి సాంకేతిక కారణమేదీ లేదు. ప్రవాహం, పీడనం, బయటి పనిముట్లకు ఎన్ని పోర్టులున్నాయి, తిరుగుదారి ఎక్కడ అన్న నాలుగు వరుసలను కరపత్రంలో తెలుగులో అచ్చువేయడాన్ని తప్పనిసరి చేయాలి. సబ్సిడీ మీద అమ్మే ట్రాక్టర్లతోనైనా ఇది మొదలవ్వాలి.

అప్పటిదాకా, యంత్రం ఇప్పటికే కొన్నవారి ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంది. మొద్దు పెట్టకుండా, ఇంజిన్‌ను దాని రేటెడ్ వేగంలో ఉంచి, పైన చెప్పిన 100 మిల్లీమీటర్ల సిలిండర్ 60 సెంటీమీటర్లు చాచడానికి ఎంతసేపు పడుతుందో చూడాలి. 14 సెకన్లయితే పంపు 20 లీటర్లు ఇస్తోంది. 20 సెకన్లయితే సిలిండర్‌కు చేరుతున్నది 14 లీటర్లే.